తొక్కకూడని ఇసుక

తిరుపతిలో ఒక సోమవారం పొద్దున మా అన్న నెత్తిన ఏడుకొండలూ పడ్డాయి. దెబ్బలేమీ తగల్లేదు. కొండల కింద మా అన్న, మా వదిన చంద్రకాంతమ్మ, ఒక చేతుల కుర్చీ, ఒక కాగితప్పూల కుండీ ఉండిపోయాయి. కొండలు గుడ్డవి. పైన తలనీలాలిచ్చి దిగివచ్చిన భక్తులు గుండ్లకు చందనం పూసుకొని ఫోటో తీయించుకునేటప్పుడు స్టూడియోలో వెనక కట్టే తెర అది. దాన్ని పట్టుకొన్న తాడు తెగింది, అంతే.

స్టూడియో యజమాని మునిరామయ్య కెమెరా నల్లగుడ్డ కిందినుంచి తల బయటికి తీసేలోగా, లోపలి గదిలోనుంచి ఒక పొడుగాటి మనిషి పరుగెత్తుకొచ్చాడు. వేళ్ళ కొసలన్నిటికీ తలా ఒక రంగు. తెర అంచు పట్టుకొని మెల్లగా ఎత్తాడు. మడత పడకుండా పక్కకు తీశాడు. దుమ్ము దులిపాడు. ఎక్కడైనా చిరిగిందేమోనని వెలుతురుకు పెట్టి చూశాడు. ఆ తర్వాత మా అన్నను లేపాడు.

ఆ మనిషే పెంచలయ్య. ఆయన గురించే ఇదంతా.

మాది కార్వేటినగరం పక్కన పల్లె. మా అన్న మునికృష్ణమనాయుడు చుట్టుపక్కల నాలుగూళ్ళలో మాట చెల్లే మనిషి. నేను పెళ్ళయి పక్క వీధికే వెళ్ళినదాన్ని గనక, ఆయన పరువు ఎప్పుడెప్పుడు ఎక్కడెక్కడ జారిందో నాకు బాగా తెలుసు. నేనెవరికీ చెప్పను. రాస్తాను.

పెంచలయ్యది కాళహస్తి. తాతా తండ్రీ గుడ్డల మీద కలంతో బొమ్మలు వేసినవాళ్ళు. రాముడి పట్టాభిషేకమూ, పారిజాతపు చెట్టూ, అన్నీ గుడ్డ మీదే. ఆ గుడ్డలు కొనేవాళ్ళు కరువై ఇల్లు గడవకపోతే, పెంచలయ్య తిరుపతికి వచ్చి మునిరామయ్య దగ్గర ఫోటోలకు రంగులు వేసే పనిలో కుదురుకున్నాడు. ఫోటో నలుపూ తెలుపుగానే వస్తుంది కదా. పుల్లకు దూది చుట్టి, బుగ్గలకు గులాబీ, చీరకు ఆకుపచ్చ, నగలకు పసుపు అద్దేది ఆయన. లోపలి గది దాటి వచ్చేవాడు కాడు. ఫోటో తీయించుకున్నవాళ్ళ మొహాలు ఆయనకు కాగితం మీదే తెలుసు. తలుపు చాటునుంచి ఒకే ప్రశ్న వినిపించేది: "సీర ఏం రంగమ్మా?"

ఆయనకున్న కోరికల్లా కెమెరా పట్టుకోవాలని. ప్రతి ఉగాదికీ మునిరామయ్యను అడిగేవాడట. ప్రతి ఉగాదికీ మునిరామయ్య పచ్చడి పెట్టి పంపేవాడట. ఆ నల్లగుడ్డ కింద మునిరామయ్య తల తప్ప ఇంకో తల దూరి ఎరగదు.

ఇంతలో మా అమ్మ నాగులమ్మకు సముద్రం చూడాలని బుద్ధి పుట్టింది. ఎప్పటి మొక్కో మరి, కార్తీక పున్నమికి సముద్రస్నానం చేస్తానని మొక్కుకుందట. అంతవరకూ సముద్రమంటే ఆమె చూసింది తిరుపతి స్టూడియోలో ఇంకో తెర మీదే. అంతా నీలం, మధ్యలో ఒక పడవ. ఇంటిల్లిపాదీ సముద్రం ముందర నిలబడి ఫోటో తీయించుకోవాలి, అది దేవుడి గదిలో ఉండాలి అన్నది. మా అన్న మునిరామయ్యను రమ్మన్నాడు. మునిరామయ్యకు ఉబ్బసం. సముద్రపు గాలి పడదు.

అట్లా పెంచలయ్యకు ఉగాది కార్తీకంలో వచ్చింది.

మునిరామయ్య మా ఎదుటే చెప్పాడు. "యుద్ధం అయిపోయిందంటారు గానీ పట్నంనుంచి ఫోటో ప్లేట్లు ఇంకా సరిగ్గా రాల్యా. ఉండేది రెండే. రెండూ నీకిస్తాండా. నాయుడుగారు ఫోటో సూసి బాగుండాదంటే ఇంక కెమెరా నీదే, పెండ్లిండ్లకంతా నువ్వే పో. బాగల్యాదన్యారా, ఆ రంగుల గదే నీకు గతి. మళ్ళా ఉగాదికి వచ్చి అడగబాక."

పెంచలయ్య తల ఊపాడు. కెమెరా పెట్టెను భుజానికి కాదు, రొమ్ముకు ఆనించి ఎత్తుకున్నాడు, బాలింత బిడ్డను ఎత్తుకున్నట్టు.

రేణిగుంటలో బండి మారి గూడూరు వైపు వెళ్తుంటే యేర్పేడు దాటింది, కాళహస్తి వచ్చింది. స్వర్ణముఖి ఇసుకలో అక్కడక్కడ గుడ్డలు ఆరేసి ఉన్నాయి. పెంచలయ్య కిటికీలోనుంచి తల తిప్పలేదు.

"నీవాళ్ళవా అప్పా?" అన్నది మా అమ్మ.

"కాదమ్మా, సాకలోళ్ళవి. మావి ఆరేసేటప్పుడు ఇట్లా నలగవు." ఆ గుడ్డలనే చూస్తూ చెప్పాడు. "మా ఇండ్లల్లో బిడ్డకు నడకొస్తానే మొదట నేర్పేది ఒకటే. ఆరని గుడ్డ తొక్కగూడదు. రంగు తడిగా ఉన్నప్పుడు కాలు పడిందంటే నెల్లాళ్ళ పని పాయె. నేను నాలుగడుగులు నడిసిన దినమే దెబ్బలు తిన్యానంట."

"అందుకేనా ఇప్పుడు గూడా కొంగ మాదిరి నడస్తావు?" అన్నాడు మా అన్న. నిజమే. పెంచలయ్య ఎక్కడ నడిచినా ముందు నేల చూసి, తర్వాతే అడుగు వేసేవాడు.

గూడూరులో దిగి, బొగ్గు కాల్చి నడిపే బస్సెక్కి, అది ఎక్కడ ఆగిపోతే అక్కడ దిగి నెట్టి, చివరికి ఎడ్లబండిలో సముద్రపు ఒడ్డున ఒక సత్రం చేరాం. చేరేసరికే ఆకాశం ఇనుపరంగు తిరిగింది. గాలివాన మొదలైంది. సత్రం కప్పు సగం ఎగిరిపోయింది. మిగిలిన సగం కింద మేమందరం, రెండెడ్లు, బండివాడు. పెంచలయ్య తన దుప్పటి కెమెరాకు కప్పి తాను తడిశాడు. ఆ రాత్రంతా చీకట్లో ఏదో దున్నపోతులాగా రంకె వేస్తూనే ఉంది. అదే సముద్రమని మా అమ్మకు చెబితే, "తెర మీద ఇట్లా అరవలేదే" అన్నది.

తెల్లవారేసరికి గాలి తగ్గింది. బయట సరుగుడు చెట్లు కొన్ని పడిపోయి ఉన్నాయి. చెట్లు దాటి ఇసుక దిబ్బ ఎక్కాం. మా అన్న ముందు, ఆయన వెనక మా అమ్మను పట్టుకొని నేను, మా వదిన. చివర కెమెరాతో పెంచలయ్య.

దిబ్బ దిగుతూ మా అన్న ఒక కాలు కింద పెట్టాడు. రెండో కాలు ఎత్తాడు.

"తొక్కబాకండి!"

పెంచలయ్య గొంతులో అంత శబ్దం ఉందని మాకు తెలియదు. మా అన్న కాలు ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. పాముందనుకున్నాడు. మేమూ అదే అనుకున్నాం.

"యాడ?" అన్నాడు మా అన్న, పెదవులు కదపకుండా.

"ఆరలేదు సామీ," అన్నాడు పెంచలయ్య.

అప్పుడు కిందికి చూశాను.

దీన్ని ఎట్లా చెప్పాలో ఇప్పటికీ నాకు చేతకాదు. ఇసుక ఇసుకరంగులో లేదు. దిబ్బ అడుగునుంచి నీటి అంచుదాకా నేలంతా నల్లగా, ఎర్రగా, పసుపుగా పరుచుకొని ఉంది. రాత్రి కురిసిన నీళ్ళు దిబ్బలోనుంచి సముద్రానికి జారుతూ వెయ్యి చెట్లు గీసిపోయాయి. ఒక్కొక్క చెట్టుకూ నల్లటి మాను, మానుకు కొమ్మలు, కొమ్మకు రెమ్మలు, రెమ్మ చివర వెంట్రుకంత సన్నటి ఈనెలు. ప్రతి కొమ్మకూ ఒక పక్క ఎర్రటి అంచు. అది కుంకుమ ఎరుపు కాదు. దానిమ్మ గింజను వెలుతురుకు పెడితే లోపల కనిపిస్తుందే, ఆ ఎరుపు. చెట్లకు కింద లేతపసుపు నేల. ఆ నేల మీద పీతలు బొరియలు తవ్వి, ఆవాలంత ఇసుక ఉండలు బొరియ చుట్టూ వరసలుగా పేర్చిపెట్టాయి. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టే ఉంది. కొంచెం దూరంలో చెట్లు అయిపోయి నెమలీకలు మొదలయ్యాయి. అవి ఒకదాని మీద ఒకటి వాలి, అంచులు నల్లగా, కళ్ళు ఎర్రగా. పైన పల్చగా నీటి తడి. ఎండ పడేసరికి అంతా ఒక్కసారి మెరిసింది. ఊపిరి తీస్తే చెదురుతుందేమో అనిపించింది.

మా అమ్మ చేతులు జోడించింది. సముద్రానికి కాదు. సముద్రం ఇంకా ఆమె చూడనే లేదు.

"ఎవరు గీసినారమ్మా ఇది," అన్నాడు పెంచలయ్య. గొంతు మళ్ళీ ఎప్పటిలాగే చిన్నదైపోయింది. దిబ్బ అంచున గొంతుక్కూర్చొని, వేలు ఆనించకుండా ఒక కొమ్మ వెంబడే వేలు నడిపించాడు. "తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ నానేసి తీస్తాం, ఆ నలుపు ఇదే. ఇది చిరువేరు ఎరుపు. అది కరక్కాయ పువ్వు పసుపు. మా నాయన జన్మంతా ఈ మూడు రంగులే. కానీ మేము ఒక గీత గీసినాక కలం ఎత్తాల్నే. యాడ ఎత్తినామో తెలిసిపోతాది. ఈడ ఎత్తిన సోటే ల్యాదే."

"పెంచలయ్యా," అన్నాడు మా అన్న, ఒంటికాలి మీద. "నేనింక కాలు దించొచ్చునా?"

"ఎనక్కి దించండి సామీ."

మా అన్న వెనక్కి దించాడు. మొదట దించిన కాలి ముద్ర మాత్రం ఒక నల్లచెట్టు మొదట్లో నిండుగా పడిపోయింది. పెంచలయ్య దాన్ని చూసిన చూపు, ఏదో పంటచేలో పడ్డ ఆవును చూసినట్టుంది. మా వదిన నా వీపు వెనక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మరి స్నానానికి ఎట్లా పొయ్యేది? ఎగరాల్నా?" అన్నాడు మా అన్న.

"సుట్టుకొని పోదాం సామీ, ఆ సరుగుడు తోపు అవతలినుంచి."

"ఇసకను సుట్టుకొని పొయ్యేది యాడన్నా ఉండాదా? పొద్దెక్కి అంబేల అయిపోతాది."

మా అమ్మ అందుకుంది. "కిట్టప్పా, నాటిన మడిలో ఎవడన్నా అడ్డంగా నడిస్తే నువ్వు ఊరుకుంటావా?"

"ఇది మడి కాదు గదమ్మా."

"నీది కాదు, అంతే."

మా అన్న తోపు వైపు తిరిగాడు. కానీ చుట్టు తిరిగి వెళ్ళేముందు పెంచలయ్య కెమెరా విప్పాడు. మూడుకాళ్ళ బల్లను దిబ్బ మీదే నిలబెట్టి, కెమెరా ముక్కు కిందికి వంచి, నల్లగుడ్డ కిందికి దూరాడు. ఎంతసేపటికీ బయటికి రాలేదు.

"నీకేం కనపడతా ఉండాదప్పా దాంట్లో?" అన్నది మా అమ్మ.

పెంచలయ్య బయటికి వచ్చి గుడ్డ ఎత్తి పట్టుకున్నాడు. మా అమ్మ తల పెట్టింది. ఆమె తర్వాత నేను పెట్టాను. లోపల చీకట్లో వెన్నెలలాంటి ఒక గాజు పలక. ఆ పలక మీద అంతా తలకిందులుగా ఉంది, రంగులతో సహా ఉంది. చెట్లు ఆకాశంనుంచి కిందికి పెరుగుతున్నాయి. ఎరుపు ఇంకా ఎర్రగా, నలుపు ఇంకా లోతుగా. అరచేయంత పలకలో ఆ ఒడ్డంతా కుదురుకొని వణుకుతోంది. నాకు తల బయటికి తీయాలనిపించలేదు.

"ఈ రంగులన్నీ ఫోటోలో వస్తాయా?" అన్నాను.

"రావమ్మా," అన్నాడు పెంచలయ్య. "ఈ పలకలో ఉన్నంతసేపే."

రాదని తెలిసీ మొదటి ప్లేటు పెట్టి, ఇసుకనే తీశాడు. ఉన్న రెండింటిలో ఒకటి. మా అన్న అది గమనించాడు. "అయిందా శాస్త్రానికి? ఇంక మనుషుల పని సూడు," అన్నాడు.

మేం తోపు అవతలినుంచి చుట్టు తిరిగి వచ్చి, నీళ్ళకు ఇవతల వరసగా నిలబడ్డాం. వెనక సముద్రం. అది నీలంగా లేదు, ఏటి వరదలాగా మట్టిరంగులో ఉంది. మాకూ కెమెరాకూ మధ్య ఆ ఇసుక. సరిగ్గా తీయాలంటే పెంచలయ్య కెమెరాను ముందుకు తేవాలి. తేవాలంటే మూడుకాళ్ళ బల్లను ఆ చెట్ల మీద గుచ్చాలి.

"దగ్గరికి రాప్పా," అని మా అన్న అరిచాడు.

పెంచలయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఆణ్నుంచి నా మీసమన్నా కనపడతాదా?"

"బాగుండాది సామీ, గమ్మున నిలబడండి."

పెంచలయ్య బల్ల కాలు ఒకటి ఎత్తి, ముందుకు జరపబోయి, మళ్ళీ ఉన్నచోటే దించడం నేను చూశాను. మునిరామయ్య మాట గుర్తొచ్చే ఉంటుంది. ఆ దూరంనుంచి కూడా ఆయన భుజాలు వంగిపోవడం తెలిసింది. ఇక నల్లగుడ్డ కిందికి దూరాడు, మూత తీశాడు, వేశాడు. రెండో ప్లేటూ అయిపోయింది.

ఆ మూత వేసిన కాసేపటికి, తలమీద చేపల గంపతో ఒక ఆడమనిషి తోపులోనుంచి వచ్చింది. రాత్రి గాలివానకు ఎన్ని తంటాలు పడిందో, చీర ఇంకా తడిగానే ఉంది. నేరుగా ఆ ఇసుక మధ్యనుంచి నడిచిపోయింది. చెట్లు, నెమలీకలు, చుక్కల ముగ్గులు, అన్నిటి మీదుగా. పెంచలయ్య నోరు తెరిచాడు. తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు. ఆమె వెనక ఇద్దరు మగవాళ్ళు ఒక తెప్ప ఈడ్చుకొచ్చారు. మేం స్నానాలు చేసి, మా అమ్మ మూడుసార్లు మునిగి, మూడుసార్లూ మా అన్న పంచె పట్టుకొని లేచి, ఒడ్డుకు వచ్చేసరికి ఎండ కాసి ఇసుక ఆరిపోయింది. ఆరాక అది ఉత్త ఇసుక. అక్కడక్కడ బూడిద చల్లినట్టు నల్లటి చారలు.

తిరుగుప్రయాణంలో పెంచలయ్య కాళహస్తి దగ్గర కూడా కిటికీలోనుంచి చూడలేదు.

ఫోటోలు అయ్యాయని కబురు రాగానే తిరుపతి వెళ్ళాం. మా అమ్మ కూడా వస్తానని బయల్దేరింది. స్టూడియోలో పెంచలయ్య కనిపించలేదు. లోపలి గదిలో, రంగుల సీసాలు తుడిచి వరసగా సర్దుకొని కూర్చొని ఉన్నాడట. ఎవరూ పంపకముందే తానే వెళ్ళి కూర్చున్నాడు.

మునిరామయ్య రెండు ఫోటోలూ మా అన్న ముందు పెట్టాడు.

మొదటిదాంట్లో ఇసుక. నలుపూ తెలుపూ బూడిదా. కానీ ప్రతి రెమ్మా, ప్రతి ఈనే, పీత పేర్చిన ప్రతి ఉండా ఉంది. రంగులు పోయాక గీత ఒక్కటే మిగిలి, ఇంకా భయంకరంగా ఉంది. ఒక మూల మా అన్న పాదం, అయిదు వేళ్ళతో సహా. మా ఇంట ఎవరి రూపమూ ఫోటోలో అంత స్పష్టంగా ఇంతవరకు పడలేదు.

రెండోదాంట్లోనూ ఇసుకే. పై అంచున, గీత గీసినట్టు సముద్రం. ఆ గీత మీద మేము, ఆవగింజలు వరస పేర్చినట్టు.

మునిరామయ్య నుదురు తుడుచుకున్నాడు. "నాయుడుగారూ, వానికీ నాకూ ఉండే మాట మీరు ఇన్యారు గదా. నేనేం సెప్పను. మీరే సెప్పండి. పెంచలా, ఇట్రా."

పెంచలయ్య వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు.

"రంగులన్నా ఎయ్యలేదేమప్పా?" అన్నది మా వదిన, మంచి మాటగా.

"ఏసి సూసినానమ్మా. కడిగేసినా." ఆయన నేల చూస్తున్నాడు. "నా సీసాల్లో అవి ల్యావు."

మా అమ్మ రెండో ఫోటో తీసుకొని ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. ఆమెకు తాను కనపడలేదు. మేమూ కనపడలేదు. కానీ వేలు పెట్టి, "ఇదో, ఈ తోపు అవతలినుంచి గదా మనం పొయినాము," అంటూ దోవ చూపించింది. ఆ వేలు దిబ్బ దగ్గర మొదలై, చెట్ల మీదికి పోకుండా, కాగితం అంచు వెంబడే చుట్టు తిరిగి మా దగ్గరికి చేరింది. మునిరామయ్య ఆ వేలినే చూస్తున్నాడు. ఎందరినో గుడ్డకొండల ముందు నిలబెట్టి తీసిన మనిషి, ఆ ఫోటోను మెల్లగా మా అమ్మ చేతిలోనుంచి తీసుకొని, కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ వెలుతురుకు పెట్టి చూశాడు.

అయినా తేల్చవలసింది మా అన్న. ఇవాళ తిరుపతినుంచి కాణిపాకం దాకా ఏ పెళ్ళిలో చూసినా ఆ కెమెరా పెంచలయ్య భుజం మీదే ఉంటుంది. మా దేవుడి గదిలో ఆ ఇసుక ఫోటో ఉంది, ఉదయం దానికీ ఒక పువ్వు పడుతుంది. మా అన్న ఆ రోజు "బాగుండాది" అన్నాడు గనకే ఇదంతా. కానీ ఆయన ఆ మాట ఊరికే అనలేదు. ముందు లేచి నిలబడి, ఉత్తరీయం సర్దుకొని, అడగవలసింది అడిగాడు.

"ఏమప్పా పెంచలయ్యా. రైలెక్కించి, బస్సెక్కించి, బండెక్కించి నిన్ను తీసకపొయింది నేను. మా అమ్మ మొక్కు, నా ఇల్లు, నా ఫోటో. నన్ను ఆవగింజ సేసి, ఇసకను ఇంత సేసి పెట్టినావే, ఇది యాడి న్యాయం?"

పెంచలయ్య మొదటిసారి తల ఎత్తాడు.

"తమరు రేపూ ఉంటారు నాయుడుగారూ, అది ఆ మాపటికే ల్యాకపాయె."